గేమ్‌ప్యాడ్ సపోర్ట్ "ఫుల్", "పార్షియల్" అంటే అసలు తేడా ఏంటి? మా తమ్ముడు మౌస్ పట్టుకోలేడు

ఏలూరు_అక్క:

అందరికీ నమస్తే. నేను గేమ్స్ ఆడను, ఈ విషయాలు నాకు పెద్దగా తెలియవు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా తమ్ముడికి 19 ఏళ్లు. పోయిన ఏడాది బండి మీద నుంచి పడి కుడి మణికట్టు విరిగింది, ప్లేటు వేశారు. రాయడం, అన్నం తినడం అన్నీ బాగానే చేసుకుంటున్నాడు, కానీ మౌస్ పట్టుకుని పది నిమిషాలు కదిపాడంటే నొప్పి మొదలవుతుంది. ఫిజియోథెరపీ ఆయన కూడా మౌస్ పని తగ్గించమన్నారు. గేమ్‌ప్యాడ్ అయితే ఒళ్లో పెట్టుకుని బొటనవేళ్లతో ఆడతాడు, మణికట్టు కదపాల్సిన పని లేదు, గంటసేపు ఆడినా ఏమీ అనిపించడం లేదట. అందుకని ఇంట్లో ఉన్న కంప్యూటర్‌ని హాల్లో టీవీకి కలిపి, ఆన్‌లైన్‌లో 1,200 పెట్టి ఒక గేమ్‌ప్యాడ్ తెప్పించాం.

స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్స్ షాపులో ఒక గేమ్ కొన్నాం. పేజీలో గేమ్‌ప్యాడ్ బొమ్మ కనిపించింది కదా, ఇక చాలనుకున్నాం. తీరా చూస్తే గేమ్ తెరవగానే ముందు ఒక చిన్న విండో వస్తోంది, అందులో "ప్లే" అన్నదాన్ని మౌస్‌తోనే నొక్కాలి. అది దాటితే క్యారెక్టర్‌కి పేరు కొట్టమంటుంది, దానికి కీబోర్డ్. ఆట మాత్రం గేమ్‌ప్యాడ్‌తో చక్కగా నడుస్తుంది, కానీ మ్యాప్ తెరిస్తే మళ్లీ మౌస్ కావాలి. ఇంట్లో ఉన్నన్ని రోజులూ నేను పక్కన కూర్చుని క్లిక్ చేసి పెట్టాను. ఆదివారం రాత్రి హైదరాబాద్ వచ్చేశాను, నాన్న షాపులో ఉంటారు, అమ్మకి ఇవన్నీ అలవాటు లేవు. నిన్న ఫోన్ చేస్తే "పర్లేదక్కా, నువ్వొచ్చినప్పుడు ఆడుకుంటాలే" అన్నాడు. అప్పట్నుంచి మనసు మనసులో లేదు.

ఇప్పుడు మళ్లీ ఆ పేజీ చూస్తే చిన్న అక్షరాల్లో "పార్షియల్ కంట్రోలర్ సపోర్ట్" అని ఉంది. వేరే గేమ్స్‌కి "ఫుల్" అని ఉంది. ఈ రెండింటికీ కచ్చితంగా తేడా ఏంటి? "ఫుల్" అని ఉంటే మౌస్ ఒక్కసారి కూడా ముట్టుకోకుండా ఆడొచ్చా? కొనకముందే తెలుసుకునే దారి ఏదైనా ఉందా? ఇంకో విషయం, వాడి దగ్గర ఒక పాత కారు రేసు గేమ్ ఉంది, అందులో యాక్సిలరేటర్, బ్రేక్ రెండూ కలిపి నొక్కితే ఏదీ నొక్కనట్టే ఉంటుందట. ప్యాడ్ పాడైందా, లేక గేమే అంతా?

డెడ్‌జోన్:

అక్కా, ముందు "ఫుల్" సంగతి చెప్తాను. గేమ్‌ని లైబ్రరీలోంచి మొదలుపెట్టిన దగ్గర్నుంచి మూసేసే దాకా, మెనూలు, సెట్టింగ్స్, సేవ్, పేరు కొట్టడం, అన్నీ గేమ్‌ప్యాడ్‌తోనే చేయగలిగితేనే స్టీమ్‌లో ఆ మాట వాడాలి. ఆట మాత్రమే ప్యాడ్‌తో నడిచి, ఎక్కడో ఒకచోట మౌస్ గానీ కీబోర్డ్ గానీ కావాల్సి వస్తే అది "పార్షియల్". మీకు తగిలిన మూడూ, అంటే ముందు వచ్చే లాంచర్, పేరు, మ్యాప్, ఇవే పార్షియల్‌లో మామూలుగా ఇబ్బంది పెట్టే చోట్లు. కాబట్టి ఆ పేజీలో అబద్ధం లేదు, కానీ బొమ్మ దాదాపు ఒకేలా ఉండడం వల్ల చాలామంది ఇలాగే పొరబడతారు.

ఒకటి గుర్తుపెట్టుకోండి, "పార్షియల్" అన్న మాటకి కనీసం ఇంత ఉండాలన్న హద్దు ఎక్కడా లేదు. ఒక గేమ్‌లో లాంచర్ ఒక్కటే అడ్డు, అది దాటితే వంద గంటలు మౌస్ అక్కర్లేదు. ఇంకో గేమ్‌లో ప్రతి ఐదు నిమిషాలకీ ఏదో ఒకటి క్లిక్ చేయాలి. రెండింటికీ లేబుల్ ఒకటే. నాకు ఈ పద్ధతి మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే, లేబుల్ చూస్తే అడ్డు ఉందని తెలుస్తుంది గానీ అది ఎక్కడుందో, ఎన్నిసార్లు వస్తుందో తెలియదు.

రేసు గేమ్ సంగతి, ప్యాడ్ పాడవలేదు. విండోస్‌లో గేమ్‌ప్యాడ్‌తో మాట్లాడడానికి రెండు పద్ధతులున్నాయి. పాతది డైరెక్ట్‌ఇన్‌పుట్, కొత్తది 2005లో ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్‌తో పాటు వచ్చిన ఎక్స్‌ఇన్‌పుట్. పాత పద్ధతిలో ఎక్స్‌బాక్స్ తరహా ప్యాడ్ పెడితే వెనక ఉన్న రెండు ట్రిగ్గర్లనీ ఒకే గీత మీద ఉన్నట్టు చూపిస్తుంది. కుడిది నొక్కితే గీత ఒక చివరికి, ఎడమది నొక్కితే ఇంకో చివరికి వెళ్తుంది. రెండూ కలిపి నొక్కితే మధ్యలో ఆగిపోతుంది, అంటే గేమ్ లెక్కలో ఏదీ నొక్కనట్టే. ఎక్స్‌ఇన్‌పుట్‌లో రెండూ వేర్వేరు. మీ తమ్ముడి గేమ్ పాతది కాబట్టి డైరెక్ట్‌ఇన్‌పుట్‌లో చదువుతోంది, అంతే. ఆ గేమ్‌లో బ్రేక్‌ని ట్రిగ్గర్ నుంచి తీసి వేరే బటన్‌కి మార్చమనండి, సరిపోతుంది.

పాత_డెస్క్‌టాప్:

పైన డెడ్‌జోన్ చెప్పినదానికి కొంచెం కలుపుతాను. మీరు కొన్న ధరలో వచ్చే ప్యాడ్‌లకి చాలావాటికి రెండు మోడ్‌లుంటాయి, వెనక చిన్న స్విచ్ ఉంటుంది లేదా మధ్యలో ఉన్న హోమ్ బటన్‌ని కాసేపు నొక్కి పట్టుకుంటే లైట్లు మారతాయి. ఏ మోడ్‌లో ఉందో చూడాలంటే విండోస్ సెర్చ్‌లో "గేమ్ కంట్రోలర్స్" అని కొట్టి ఆ ప్యానెల్ తెరవండి. అక్కడ పేరులో "ఎక్స్‌బాక్స్ 360" అని కనబడితే సరైన మోడ్‌లో ఉన్నట్టు. ఏదో జనరిక్ యూఎస్‌బీ జాయ్‌స్టిక్ అని ఉంటే పాత మోడ్‌లో ఉన్నట్టు, అలా ఉంటే కొత్త గేమ్స్ చాలావరకు దాన్ని అసలు గుర్తుపట్టవు, లేదా బటన్లు అడ్డదిడ్డంగా పనిచేస్తాయి. "ఫుల్ సపోర్ట్ అన్నారు, నా ప్యాడ్ పనిచేయట్లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో నేను చూసినంతవరకు సగం ఇదే. ఎందుకంటే స్టోర్ పేజీలో "కంట్రోలర్" అన్నప్పుడు చాలా గేమ్స్ లోపల అనుకునేది ఎక్స్‌ఇన్‌పుట్ ప్యాడ్ గురించే.

ఇంకోటి, గేమ్ తెరిచే ముందే ప్యాడ్ ఆన్ చేసి ఉంచమనండి. కొన్ని గేమ్స్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారే వెతుకుతాయి, తర్వాత పెట్టినా పట్టించుకోవు. వైర్‌లెస్ ప్యాడ్ కాసేపు వాడకపోతే నిద్రపోతుంది కదా, మళ్లీ లేచాక గేమ్ గుర్తుపట్టకపోతే అప్పుడు మౌస్ కోసం లేవాల్సిందే. వీలైతే కేబుల్ పెట్టేయండి.

మీ పరిస్థితిలో నా సలహా, "ఫుల్" ఉన్నవే కొనండి. పార్షియల్ జోలికి వెళ్లొద్దు.

రెండో_ప్లేయర్:

అన్నా, చివరి మాట మాత్రం నేను ఒప్పుకోను. అలా తీసేస్తే ఆ అబ్బాయికి సగం గేమ్స్ పోతాయి. స్టీమ్ ఇన్‌పుట్ అనేది ఒకటి ఉందని చెప్పండి ముందు.

అక్కా, ఇది స్టీమ్‌లోనే ఉంటుంది, వేరే డబ్బు కట్టక్కర్లేదు. గేమ్‌కీ ప్యాడ్‌కీ మధ్యలో కూర్చుని, ప్యాడ్‌లో ఏ బటన్ నొక్కితే కంప్యూటర్‌కి ఏది నొక్కినట్టు వెళ్లాలో మనం చెప్పినట్టు మారుస్తుంది. కుడి స్టిక్ (బొటనవేలితో తిప్పే చిన్న పుల్ల) కదిపితే మౌస్ కదిలినట్టు, ఒక బటన్ నొక్కితే క్లిక్ చేసినట్టు పెట్టుకోవచ్చు. ఇలా పెట్టుకున్న అమరికని లేఅవుట్ అంటారు. మనమే కూర్చుని చేయక్కర్లేదు కూడా, ఆ గేమ్ ఆడినవాళ్లు తమ లేఅవుట్లని అందరికీ పెడతారు, గేమ్ పేరు పక్కన ఉన్న గేమ్‌ప్యాడ్ గుర్తు నొక్కి కమ్యూనిటీ లేఅవుట్స్‌లోకి వెళ్తే ఎక్కువమంది వాడినవి పైన కనిపిస్తాయి. స్టీమ్‌ని నడిపే వాల్వ్ కంపెనీ వాళ్లు 2015లో సొంతంగా స్టీమ్ కంట్రోలర్ తెచ్చినప్పుడు దానికోసం ఈ పద్ధతి కట్టారు. ఆ కంట్రోలర్ అమ్మకం 2019లో ఆగిపోయింది గానీ ఈ సాఫ్ట్‌వేర్ నిలబడింది, తర్వాత ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, నింటెండో ప్యాడ్‌లన్నింటికీ పనిచేసేలా పెరిగింది. మౌస్ కోసమే చేసిన గేమ్స్‌ని కూడా నేను దీంతో సోఫాలో పడుకుని ఆడుతున్నాను. నిదానంగా, టర్న్ వారీగా ఆడే గేమ్స్‌కి బాగా సరిపోతుంది, గబగబా గురిపెట్టి కాల్చే వాటికి స్టిక్‌తో మౌస్ నడపడం కష్టమే, ఆ మాట దాచను.

మీ లాంచర్ సమస్యకి వెంటనే ఇది ప్రయత్నించండి. స్టీమ్ నడుస్తున్నప్పుడు ప్యాడ్ మధ్యలో ఉన్న గైడ్ బటన్ని, అదే హోమ్ బటన్, నొక్కి పట్టుకుని కుడి స్టిక్ కదిపితే మౌస్ బాణం కదులుతుంది, అలాగే పట్టుకుని కుడి ట్రిగ్గర్ నొక్కితే క్లిక్. మీ ప్యాడ్ ఎక్స్‌ఇన్‌పుట్ మోడ్‌లో ఉండాలి. హోమ్ నొక్కగానే విండోస్ గేమ్ బార్ ముందుకొచ్చేస్తుంటే, విండోస్ సెట్టింగ్స్‌లో గేమింగ్ కింద "కంట్రోలర్ బటన్‌తో గేమ్ బార్ తెరవాలి" అన్న టిక్ తీసేయండి.

చేతికి నొప్పి ఉన్నవాళ్లకి ఇందులో ఇంకో మంచి సౌకర్యం ఉంది. పరిగెత్తడానికి బటన్ నొక్కి పట్టుకోవాలి అనుకోండి, ఆ బటన్‌కి టాగుల్ పెడితే ఒకసారి నొక్కితే చాలు, మళ్లీ నొక్కే దాకా పట్టుకున్నట్టే ఉంటుంది. కుడి చేతికి పని తగ్గించి వెనక ఎడమవైపు బటన్లకి పని మార్చొచ్చు. మా బాబాయికి పక్షవాతం తర్వాత ఇలాగే అమర్చి పెట్టాను, క్యారమ్స్ గేమ్ ఆడుకుంటున్నాడు రోజూ.

ఏలూరు_అక్క:

మీ అందరికీ ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. రాత్రి వీడియో కాల్ పెట్టి ఇద్దరం చూశాం. గేమ్ కంట్రోలర్స్ ప్యానెల్‌లో వేరే పేరు ఉంది, వాడు హోమ్ నొక్కి పట్టుకుంటే లైట్లు మారి ఎక్స్‌బాక్స్ 360 అని వచ్చింది. గైడ్ బటన్ పట్టుకుని కుడి స్టిక్ కదిపితే డెస్క్‌టాప్ మీద బాణం కదిలింది, వాడి మొహం చూడాలి. కానీ ఆ గేమ్ లాంచర్ మీదకి వెళ్తే మాత్రం బాణం బిగుసుకుపోతోంది, క్లిక్ పడట్లేదు. మిగతా అన్ని విండోల మీదా పడుతోంది. ఇది ఎందుకు?

మెనూ_పనివాడు:

దీనికి నేను జవాబు చెప్తాను. హైదరాబాద్‌లో ఒక చిన్న గేమ్ స్టూడియోలో మెనూలు, బటన్లు, స్క్రీన్ మీద కనిపించే అక్షరాలు, ఇవి చేసే పని నాది.

ఆ లాంచర్ అడ్మిన్ హక్కులతో, అంటే కంప్యూటర్‌లో మార్పులు చేసే పూర్తి అధికారంతో తెరుచుకుంటోంది. తెరిచేటప్పుడు "ఈ ప్రోగ్రామ్ మార్పులు చేయడానికి అనుమతిస్తారా" అని విండోస్ అడుగుతోందేమో చూడండి. అడ్మిన్ హక్కులున్న విండో మీదకి మామూలు హక్కులున్న ప్రోగ్రామ్ నకిలీ క్లిక్‌లు పంపకుండా విండోస్ ఆపేస్తుంది, భద్రత కోసం పెట్టిన నియమం అది. స్టీమ్ మామూలుగా నడుస్తోంది కాబట్టి దాని క్లిక్ లాంచర్ దాకా చేరట్లేదు. స్టీమ్‌ని కూడా అడ్మిన్‌గా తెరిస్తే పనిచేస్తుంది, అయితే ఎప్పుడూ అలా వదిలేయడం నాకిష్టం లేదు. దానికన్నా మంచిది లాంచర్‌నే దాటేయడం. చాలా గేమ్స్‌కి స్టీమ్‌లో ప్రాపర్టీస్ తెరిచి లాంచ్ ఆప్షన్స్‌లో ఒక చిన్న కమాండ్ రాస్తే లాంచర్ రాకుండా నేరుగా గేమ్ తెరుచుకుంటుంది. ఏ గేమ్‌కి ఏ కమాండో వేర్వేరుగా ఉంటుంది, ఆ గేమ్ స్టీమ్ డిస్కషన్స్‌లో "లాంచర్ స్కిప్" అని వెతకండి, ఎవరో ఒకరు రాసే ఉంటారు.

ఇప్పుడు పార్షియల్ ఎందుకు మిగిలిపోతుందో కూడా చెప్తాను, ఎందుకంటే బయటినుంచి చూసేవాళ్లకి "రెండు బటన్లు కలపడానికి వీళ్లకేం కష్టం" అనిపిస్తుంది. ఆటలో నడవడం, దూకడం, కొట్టడం ప్యాడ్‌కి కలపడం ఒకట్రెండు వారాల పని. అసలు పని మెనూలది. మౌస్‌కి "ఇప్పుడు నేనెక్కడున్నాను" అన్న ప్రశ్నే లేదు, ఎక్కడ కావాలంటే అక్కడికి వెళ్లి నొక్కుతుంది. ప్యాడ్‌కి అలా కుదరదు, స్క్రీన్ మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఎంపికై ఉండాలి, కుడికి నొక్కితే ఎక్కడికి వెళ్లాలో, కిందికి నొక్కితే ఎక్కడికి వెళ్లాలో ప్రతి బటన్‌కీ చెప్పి ఉంచాలి. మధ్యలో ఒక హెచ్చరిక పెట్టె వస్తే ఎంపిక దాని మీదకి వెళ్లాలి, మూసేస్తే మళ్లీ పాత చోటికి రావాలి. ఇది ఒక్కచోట తప్పినా ఆడేవాడు ఇరుక్కుపోతాడు, స్క్రీన్ కనిపిస్తుంది గానీ ఏ బటనూ పనిచేయదు. మా గేమ్‌లో నలభైకి పైగా స్క్రీన్‌లు ఉన్నాయి, ఒక్కోదాన్నీ మౌస్ కేబుల్ పీకేసి పరీక్షించాను. పేరు కొట్టే చోట స్క్రీన్ మీద కీబోర్డ్ తెప్పించడానికి స్టీమ్ మాకు ఒక సౌకర్యం ఇస్తుంది, దాన్ని పిలవడం పెద్ద పని కాదు, కానీ చాలామంది చివర్లో మర్చిపోతారు. అది ఒక్కటి మర్చిపోయినా నిజాయితీగా "ఫుల్" అని రాయకూడదు.

దీన్నిబట్టి మీకు ఒక గుర్తు చెప్తాను, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్‌లలో కూడా వచ్చిన గేమ్ అయితే ఈ మెనూల పని అక్కడే అయిపోయి ఉంటుంది కాబట్టి పీసీలో కూడా ఫుల్ ఉండే అవకాశం ఎక్కువ. ఎక్కువ అన్నాను గానీ ఖాయం అనలేదు. డయాబ్లో 3 కన్సోల్స్‌లో 2013లోనే ప్యాడ్‌తో బ్రహ్మాండంగా నడిచింది, అదే గేమ్‌కి పీసీలో మాత్రం ప్యాడ్ సపోర్ట్ ఇవ్వలేదు. 2023లో డయాబ్లో 4 వచ్చేసరికి పీసీలో కూడా పెట్టారు. ఇక మనసుపెట్టి చేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే బల్దూర్స్ గేట్ 3 చూడండి. మౌస్‌తో ఆడితే కింద వరసలు వరసలుగా చిన్న చిన్న గుర్తులుంటాయి, ప్యాడ్ బటన్ ఒకటి నొక్కగానే ఆ తెరంతా మారిపోయి గుండ్రటి చక్రాల్లాంటి మెనూలు వస్తాయి, మౌస్‌తో నేల మీద క్లిక్ చేసి నడిపించే పాత్రని ఎడమ స్టిక్‌తో నేరుగా నడిపించొచ్చు. అంటే రెండు తెరలు విడివిడిగా తయారుచేశారన్నమాట. ఆ పని వెనక ఎన్ని నెలలు పోయి ఉంటాయో ఈ పని చేసేవాడిగా నాకు తెలుస్తుంది, అది చూసినప్పుడల్లా వాళ్లకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

డల్లాస్_డెక్:

ఆలస్యంగా చూశాను. కొనకముందే తెలుసుకునే దారి అడిగారు కదా, దానికి ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

మీ దగ్గర స్టీమ్ డెక్ లేకపోయినా ఆ గేమ్ స్టోర్ పేజీలో కుడివైపు కిందికి వెళ్లి "స్టీమ్ డెక్ కంపాటిబిలిటీ" అన్నది చూడండి. డెక్ అంటే 2022 ఫిబ్రవరిలో వచ్చిన చేతిలో పట్టుకునే కంప్యూటర్, దానికి మౌస్ ఉండదు, అందుకని వాల్వ్ వాళ్లు గేమ్స్‌ని దాని మీద పరీక్షించి వెరిఫైడ్, ప్లేయబుల్, అన్‌సపోర్టెడ్ అని గుర్తులిస్తారు. ఆ గుర్తు పక్కన "లెర్న్ మోర్" నొక్కండి, మీకు కావాల్సింది అక్కడుంది. "ఈ గేమ్ లాంచర్‌కి టచ్‌స్క్రీన్ గానీ వర్చువల్ కీబోర్డ్ గానీ కావాల్సి రావచ్చు", "పేరు కొట్టేటప్పుడు కీబోర్డ్‌ని మీరే తెరుచుకోవాలి", "కొన్నిసార్లు మౌస్, కీబోర్డ్ గుర్తులు చూపిస్తుంది", ఇలా అడ్డు ఎక్కడుందో విడివిడిగా రాసి ఉంటుంది. డెడ్‌జోన్ అడిగిన "ఎక్కడ ఇరుక్కుంటాం" అన్న ప్రశ్నకి జవాబు ఇదే. డెక్‌లో టచ్‌స్క్రీన్ కావాలంటే మీ ఇంట్లో టీవీ ముందు మౌస్ కావాలన్నమాట, అలా చదువుకోండి. పైగా అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయా అని కూడా చూస్తారు, హాల్లో దూరంగా కూర్చుని టీవీ చూసేవాళ్లకి అది కూడా పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త, అన్‌సపోర్టెడ్ అని ఉంటే కారణం ప్యాడే అయ్యుండాలని లేదు. డెక్‌లో నడిచేది విండోస్ కాదు, లినక్స్ కాబట్టి దానికి పడని యాంటీ చీట్ (ఆటలో మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్) వల్ల కూడా అలా రాస్తారు, విండోస్‌లో అదే గేమ్ ప్యాడ్‌తో నడవొచ్చు.

ఇంకా లోతుగా కావాలంటే పీసీగేమింగ్‌వికీ అనే సైట్‌లో గేమ్ పేరు వెతికి ఇన్‌పుట్ పట్టిక చూడండి. బటన్లు గేమ్‌లోనే మార్చుకోవచ్చా, మధ్యలో ప్యాడ్ తీసి పెడితే గుర్తుపడుతుందా, ప్లేస్టేషన్ బటన్ గుర్తులు చూపిస్తుందా, మౌస్ ప్యాడ్ రెండూ ఒకేసారి వాడితే ఊరుకుంటుందా, అన్నీ ఉంటాయి. బటన్ గుర్తులంటే గుర్తొచ్చింది, "ఫుల్" అన్నంత మాత్రాన మీ ప్యాడ్ మీద ఉన్న గుర్తులే తెర మీద వస్తాయనుకోవద్దు. ఎల్డెన్ రింగ్ అనే గేమ్‌కి ఫుల్ సపోర్ట్ ఉంది, కానీ పీసీలో ప్లేస్టేషన్ ప్యాడ్ పెట్టినా ఎక్స్‌బాక్స్ గుర్తులే చూపిస్తుంది. అలవాటు పడితే పర్లేదు, కొత్తవాళ్లకి మొదట్లో కష్టం.

కొన్నాక కూడా ఒక దారి ఉంది. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చు. లాంచర్ తెరిచి ఉంచిన సమయం కూడా ఆడినట్టే లెక్క పడుతుంది, అందుకని కొన్న రోజే మౌస్ పక్కన పెట్టేసి మొదటినుంచి ఒకసారి ఆడి చూడమనండి. మెనూ, పేరు, మ్యాప్, సేవ్, ఎగ్జిట్, ఈ ఐదూ దాటాయంటే దాదాపు గట్టెక్కినట్టే.

డెడ్‌జోన్:

ఈ లెర్న్ మోర్ సంగతి నాకు ఇప్పటిదాకా తట్టలేదు. ఇన్నేళ్లుగా స్టీమ్ వాడుతూ దాన్ని డెక్ ఉన్నవాళ్ల కోసమే అనుకుని ఎప్పుడూ నొక్కలేదు. ఇప్పుడే నా విష్‌లిస్ట్ మొత్తం తిరగేశాను, పార్షియల్ అని వదిలేసిన వాటిలో మూడింటికి పేరు కొట్టడం ఒక్కటే సమస్య అని రాసి ఉంది. చాలా థాంక్స్ అన్నా.

రెండో_ప్లేయర్:

అక్కా, ఎవరైనా ప్లేస్టేషన్ 5 ప్యాడ్ కొనమని చెప్తే ఇప్పుడే తొందరపడకండి. దానికి గైరో ఉంటుంది, అంటే ప్యాడ్‌ని వంచితే గురి కదులుతుంది, చాలా బాగుంటుంది గానీ దానికి మణికట్టు తిప్పాలి, మీ తమ్ముడికి అదే వద్దన్నారు కదా. ట్రిగ్గర్లు బిగుసుకునే సౌకర్యం కొన్ని గేమ్స్‌లోనే ఉంటుంది, పీసీలో దానికి మామూలుగా కేబుల్ పెట్టాలి, పైగా బిగుసుకున్న ట్రిగ్గర్ నొప్పి ఉన్న చేతికి మంచిది కాదు. ఇప్పుడున్న ప్యాడ్ చాలు. ముందు ముందు చేతికి ఇంకా తేలిక కావాలనుకుంటే మైక్రోసాఫ్ట్ 2018లో తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ అని ఒకటుంది, రెండు పెద్ద బటన్లు, వెనక వరసగా జాక్‌లు, ఎవరి శరీరానికి తగ్గట్టు వాళ్లు కాలితో నొక్కేది, మోచేత్తో నొక్కేది తగిలించుకోవచ్చు. ఖరీదు ఎక్కువ, మీకు అంత అవసరం రాకూడదనే కోరుకుంటున్నాను.

ఏలూరు_అక్క:

అప్‌డేట్ చెప్పడానికి వచ్చాను. లాంచర్ స్కిప్ కమాండ్ దొరికింది, నేను ఫోన్‌లో ఒక్కో అక్షరం చెప్తుంటే వాడు ఎడమ చేత్తో కొట్టాడు. ఇప్పుడు నేరుగా గేమ్ తెరుచుకుంటోంది. మ్యాప్‌కి కమ్యూనిటీ లేఅవుట్ ఒకటి పెట్టుకున్నాడు, కుడి స్టిక్‌తో బాణం కదుపుతున్నాడు. రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టాడు, "అక్కా మొత్తం నేనే చేశాను, మౌస్ డ్రాలో పెట్టేశా" అని. ఆఫీసు పనుల టెన్షన్‌లో ఉన్నాను, అది చదివి కళ్లల్లో నీళ్లొచ్చాయి.

ఇప్పుడు వాడు స్టార్‌డ్యూ వ్యాలీ అనే పొలం పనుల గేమ్ అడుగుతున్నాడు. పేజీలో ఫుల్ అని ఉంది, లెర్న్ మోర్ కూడా చూశాను, వెరిఫైడ్. వచ్చే శనివారం ఇంటికి వెళ్తున్నాను, ఇద్దరం కలిసి ఒకే టీవీ మీద ఆడొచ్చని అంటున్నాడు. నిజమేనా? రెండో ప్యాడ్ కూడా అలాంటిదే కొనాలా?

పాత_డెస్క్‌టాప్:

నిజమే అమ్మా. 2020 చివర్లో వచ్చిన 1.5 అప్‌డేట్ నుంచి పీసీలో తెరని రెండుగా చీల్చుకుని ఒకే కంప్యూటర్ మీద ఆడొచ్చు. రెండో ప్యాడ్ అదే కంపెనీది కానక్కర్లేదు, ఎక్స్‌ఇన్‌పుట్ మోడ్ ఉంటే చాలు, లేదంటే మీరు కీబోర్డ్, మౌస్ తీసుకుని తమ్ముడికి ప్యాడ్ ఇచ్చేయండి. ఒక్కటి ముందే చేయించండి, మీ పాత్ర ఉండడానికి పొలంలో ఒక క్యాబిన్ కావాలి, అది కొత్త పొలం మొదలుపెట్టేటప్పుడే పెట్టుకోవచ్చు, లేదంటే ఊళ్లో రాబిన్ అనే వడ్రంగి చేత కట్టించుకోవాలి. ఆ తర్వాత తమ్ముడు ఆటలో ఉండగా మెనూలోకి వెళ్లి లోకల్ కో ఆప్ (ఒకే కంప్యూటర్ మీద కలిసి ఆడేది) మొదలుపెడితే, మీ ప్యాడ్‌లో స్టార్ట్ నొక్కగానే మీరూ లోపలికి వచ్చేస్తారు. వాడిని ఈ వారంలోనే పొలం మొదలుపెట్టి క్యాబిన్ సిద్ధం చేసి ఉంచమనండి.